బడిపిల్లలకు ప్రాణుల జీవితచక్రములు



ప్రాథమిక పాఠశాలలో పిల్లలు పరిసరాల విజ్ఞానమను పాఠము చదువుచున్నారు. ప్రాణులు పుట్టి పెరుగు విధము అందొక భాగము. గ్రుడ్డు, పిల్లపురుగు, ప్యూపా, రెక్కలపురుగు అను నాలుగు మాటలు వల్లించి మార్కులు తెచ్చుకొనిన చాలునని తలంచువారు పెక్కురు. ఆ పాఠము పుస్తకము దాటి చెఱువుగట్టునకును, వరిచేనునకును రావలెను. అందులకు మీ సాయము కావలెనని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

ఆవుదూడ చిన్నదైన ఆవువలెనే యుండును. కాని ప్రాణులన్నియు అట్లు కావు. పెక్కింటికి బాల్యమొక చోటను, యౌవనమొక చోటను గడచును. రూపము వేఱు, ఆహారము వేఱు. కావున ఒక ప్రాణిని కాపాడవలెనన్నను, అదుపుచేయవలెనన్నను, దాని పిల్లతనము ఎక్కడ గడచునో ముందు తెలియవలెను. ఈ పాఠములోని సారమిదియే.

కప్పను చూడుడు. తొలకరి వానలకు నిలిచిన నీటిలో అది గ్రుడ్లు పెట్టును. వానినుండి వెడలు తోకకప్ప చేపవలె మొప్పలతో శ్వాసించును. పిమ్మట కాళ్లు మొలచి, తోక హరించి, ఊపిరితిత్తులు ఏర్పడి గట్టెక్కును. ఎదిగిన కప్ప పొలములోని పురుగులను తినును. అట్టి కప్పలు తఱుగుట చూచి, కప్పకాళ్ల ఎగుమతిని మన దేశము 1987లో నిషేధించినది. తోకకప్పలున్న గుంటలో విషపుమందుడబ్బా కడిగినచో నష్టపడువాడు రైతే యని బాలునకు వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఇక వరిని చెఱచు కాండము తొలుచు పురుగు. దీని తల్లి చిన్న రెక్కలపురుగు. అది పైరును కొఱుకదు. ఆకుకొనలపై గ్రుడ్లకుప్ప పెట్టి, గోధుమరంగు నూగుతో కప్పును. పిల్లపురుగు కాండములో దూరి తొలుచుటచే లేతపైరున మొవ్వు చచ్చును, ఈనిన పైరున తెల్లకంకి వచ్చును. లోన దూరిన దానిని పట్టుట కష్టము. నాటుటకు ముందు నారుకొనలు త్రుంచి, ఆ కొనలను నాశనము చేసినచో గ్రుడ్లు కొంతవఱకు పోవును. ఈ పని ఎఱిగిన రైతు ఒక పూట నారుమడికడ నిలిచి పిల్లలకు గ్రుడ్లకుప్పను చూపినచో, అంతకు మించిన ఉపాధ్యాయుడు లేడు.

అన్నిటికంటె ముఖ్యమైనది దోమ. బోదకాలు మన గోదావరి మండలములకు చిరకాలముగ తెలిసిన వ్యాధి. ఆ వ్యాధిక్రిమి దోమలో పెరుగునని మాన్సను అను వైద్యుడు 1877లో చైనాదేశమున కనుగొనెను. 1897లో రోనాల్డు రాసు మన సికిందరాబాదులోనే మలేరియాక్రిమిని దోమ కడుపులో చూచెను. బోదకాలు తెచ్చు దోమ మురుగునీటిపై తెప్పవలె గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క తెప్పలో నూఱుకు పైగ గ్రుడ్లుండును. ఒకటి రెండు దినములలో పురుగులు వెడలి, తలక్రిందులుగ వ్రేలాడుచు, తోకగొట్టముతో గాలి పీల్చును. పిమ్మట ప్యూపాయై, రెండు మూడు దినములకు దోమయై యెగిరిపోవును. మన వేడిమిలో ఇదియంతయు సుమారు పదిదినముల పని.

గాజుసీసాలో ఆ నీరు పోసి, మూతికి పలుచని గుడ్డ గట్టి బడిలో నుంచవలెను. పిల్లలు దినదినము చూచి బొమ్మ గీయవలెను. పాఠము ముగియగనే గుడ్డ విప్పకుండ ఆ నీటిని ఎండిన నేలపై పాఱబోయవలెను. పదిదినముల లెక్క కన్నులార చూచిన పిల్ల, వారమున కొకసారి తొట్టినీరు పాఱబోయుమని, మురుగు నిలువనీయకుమని ఇంట తల్లికి చెప్పును. చక్రము వారములోపల తెగినచో దోమ పుట్టదు.

పులస మాట వేఱు, దానిని కాపాడుకొనవలెను. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మనదే. అది సముద్రమున పెరిగి, వరదకాలమున ఎఱ్ఱనీటికెదురీది, గ్రుడ్లు పెట్టుటకై గోదావరిలోనికి వచ్చును. దాని పిల్లలు ఏటిలో పుట్టి సముద్రమునకు పోవును. ధవళేశ్వరముకడ 1852లో ముగిసిన ఆనకట్టయు, పిమ్మట దాని స్థానమున కట్టిన బారేజియు మనకు అన్నము పెట్టినవి. కాని ఆ చేపదారికి అడ్డమైనవి. గ్రుడ్లతో వచ్చు తల్లులనెల్ల పట్టి తినుచుండిన మనుమలకు సామెతయే మిగులును. ఈ సంగతిని బడిలో చెప్పదగినవాడు ఏటిపై బ్రతుకు జాలరి.

పురుగులను చూచుటకా పిల్లలను బడికి పంపితిమని కొందఱడుగవచ్చును. అక్షరము నేర్చుట చూచినదానిని వ్రాయుటకును, వ్రాసినదానిని సరిచూచుటకును గదా! కావున మూడు పనులు చేయుడు. వారమున కొక గంట ఉపాధ్యాయుని పిల్లలతో బయటికి పోనిండు. కాలువ లోతైనది గనుక ఈత వచ్చిన పెద్ద యొకడు వెంట నుండవలెను. రైతును, జాలరిని పిలిచి బడిలో మాటలాడింపుడు. పట్టిన తోకకప్పలను మరల ఆ గుంటలోనే విడువవలెనని పిల్లలకు నియమము పెట్టుడు.

మీ ఊరి గుంటలోను, చేనులోను, ఏటిలోను ఈ పాఠము ఏటేట నడచుచునే యున్నది. పిల్లలను అక్కడికి చేర్చుట మీ చేతిలోని పని. సెలవు.