నంబరు 483 నుంచి మొదలైన లెక్క



హార్మోనియాలు బాగుచేస్తూ బతికిన మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసంలో పియానో గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. "మన ఊళ్లో పియానో ఎవరింట్లో ఉందండీ?" అన్నారు. నిజమే. పాత తెలుగు సినిమాల్లో జమీందారుగారి హాల్లో మాత్రం తప్పకుండా ఉండేది. పుట్టినరోజు పార్టీలో హీరో దాని ముందు కూర్చుని పాడేవాడు. చేతులు ఎటు కదిలినా పాట మాత్రం సరిగ్గా వచ్చేది! అంతకుమించి మనకు దానితో పరిచయం లేదు. అయినా నేను పట్టుబట్టాను. మాస్టారు జీవితమంతా గడిపింది కచేరీ వేదిక ముందు కాదు, వాద్యం పొట్ట విప్పి కూర్చున్న గదిలో. ఆ గది చరిత్రను పద్దులతో సహా దాచుకున్న కుటుంబం ప్రపంచంలో ఒకటుంది. న్యూయార్కు నగరంలోని స్టైన్‌వే వాళ్లు. ఈవేళ వాళ్ల కథ చెబుతాను.

1853 మార్చి 5న ఈ కంపెనీ మాన్‌హటన్‌లో వారిక్ స్ట్రీట్ మీద మొదలైంది. పేరు స్టైన్‌వే అండ్ సన్స్. వాళ్లు అక్కడ అమ్మిన మొదటి పియానో ఖరీదు 500 డాలర్లు, దాని నంబరు 483. అంతకుముందు జర్మనీలో ఇంటిపెద్ద తన చేతులతో 482 పియానోలు చేశాడని, ఆ లెక్కకు ఇది కొనసాగింపని ఇంటివాళ్ల మాట. కొత్త కొట్టు బిల్లు పుస్తకం ఒకటో నంబరుతో మొదలైతే కొనేవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడని మన బజారు వ్యాపారులకూ తెలుసు. కాబట్టి ఇందులో నిజాయితీ ఎంత, వ్యాపారపు తెలివి ఎంత అని నన్నడిగితే రెండూ ఉన్నాయనే అంటాను. ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ రోజు మొదలైన ఆ లెక్క ఇప్పటిదాకా తెగలేదు. ఏ పియానో అయినా సరే, దానిమీద ఉన్న అంకె చెబితే ఏ ఏడాది తయారైందో చెప్పేస్తారు.

ఆ ఇంటిపెద్ద హైన్రిక్ ఎంగెల్‌హార్డ్ స్టైన్‌వెగ్. 1797లో జర్మనీలోని హార్జ్ కొండల్లో వోల్ఫ్స్‌హాగెన్ అనే ఊళ్లో పుట్టాడు. వడ్రంగం అతని వృత్తి. పక్కనున్న సీసెన్ పట్టణంలో కాపురం పెట్టి, 1836లో ఇంటి వంటగదిలోనే ఒక గ్రాండ్ పియానో తయారు చేశాడు. దానికి వంటగది పియానో అనే పేరు స్థిరపడిపోయింది. ఆ ఇంటి ఇల్లాలు జూలియానా ఆ నెలలన్నీ వంట ఎక్కడ చేసిందో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

అప్పటి జర్మనీ ఒక దేశం కాదు, చిన్న చిన్న సంస్థానాల గుంపు. సరుకు ఎల్లలు దాటాలంటే సుంకాలు కట్టాలి. దానికి తోడు 1848 విప్లవాల గందరగోళం. రెండో కొడుకు చార్లెస్ 1849లో ముందుగా అమెరికా వెళ్లి చూసి, రమ్మని కబురు పెట్టాడు. 1850లో కుటుంబం ఓడ ఎక్కింది. పెద్దకొడుకు థియోడోర్ మాత్రం అక్కడే ఉండిపోయి పాత వ్యాపారం చూసుకున్నాడు. న్యూయార్కులో దిగగానే వీళ్లు సొంతంగా కొట్టు తెరవలేదు. తండ్రీ కొడుకులు దాదాపు మూడేళ్లు తలో పియానో కార్ఖానాలో కూలికి పనిచేశారు. యాభై దాటిన వయసులో, వందల పియానోలు చేసిన మనిషి, పరాయి దేశంలో మరొకరి చేతికింద పనికి కుదిరాడు. ఈ కుటుంబం గురించి నాకు గౌరవం కలిగించే మొదటి విషయం అదే. దేశం భాష, కొనేవాళ్ల అభిరుచి, కర్ర ధర, కూలీ రేట్లు అన్నీ తెలుసుకున్నాకే బోర్డు కట్టారు. పదకొండేళ్ల తర్వాత, 1864లో, ఇంటిపేరును కూడా చట్టప్రకారం స్టైన్‌వేగా మార్చుకున్నారు.

ఇక వాద్యం సంగతి. 1859లో మరో కొడుకు హెన్రీ జూనియర్ ఒక పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు గ్రాండ్ పియానోల్లో తీగలన్నీ పక్కపక్కనే సమాంతరంగా ఉండేవి. ఇతను మంద్రస్థాయి తీగలను మిగతావాటి మీదుగా ఏటవాలుగా లాగాడు. అలా లాగితే అదే పెట్టెలో పొడవైన తీగ పడుతుంది. ఆ తీగలు ఆనే గుర్రం నాదఫలకం అంచున కాకుండా నడిమికి వస్తుంది. మంద్రానికి నిండుదనం వచ్చింది. చిన్న పియానోల్లో ఈ పద్ధతి అప్పటికే ఉంది కాని, గ్రాండ్ పియానోలో దాన్ని కుదిర్చి నిలబెట్టింది ఇతనే. ఇవాళ ఏ దేశపు గ్రాండ్ పియానో మూత ఎత్తి చూసినా తీగలు అలాగే అడ్డంగా దాటి ఉంటాయి.

ఆ కుర్రవాడు ఎక్కువ కాలం బతకలేదు. 1865 మార్చి నెలలో హెన్రీ, చార్లెస్ ఇద్దరూ పోయారు. ఒకరికి క్షయ, ఒకరికి టైఫాయిడ్. ఒకే నెలలో ఇద్దరు కొడుకులు. కార్ఖానాను నిలబెట్టడానికి థియోడోర్ జర్మనీలోని తన వ్యాపారాన్ని గ్రోట్రియాన్ అనే ఆయనకూ, మరి ఇద్దరు పనివాళ్లకూ అమ్మేసి న్యూయార్కు వచ్చాడు. కొన్నవాళ్లు పాత పేరును తమ పేరు పక్కన తగిలించుకుని గ్రోట్రియాన్ స్టైన్‌వెగ్ అయ్యారు. నూరేళ్లు దాటాక, 1970లలో, ఆ పేరు మీద అమెరికా కోర్టులో దావా నడిచింది. స్టైన్‌వెగ్ అనే పేరుతో అమెరికాలో పియానోలు అమ్మకూడదని స్టైన్‌వే వాళ్ల పక్షాన తీర్పు వచ్చింది. మనదగ్గర స్వీటు షాపుల బోర్డుల మీద 'ఒరిజినల్' అని రాసుకునే తగాదాలు గుర్తొస్తే నవ్వకండి, విషయం అదే.

థియోడోర్‌కు వ్యాపారం మీద కన్నా శాస్త్రం మీద మక్కువ. ధ్వనిశాస్త్రంలో ఉద్దండుడైన హెల్మ్‌హోల్ట్జ్ రచనలు చదివి, ఆయనతో సంప్రదించి, ఆ విద్యను కర్రలోకి, ఇనుములోకి దించాడు. పేటెంట్లు నలభైకి పైగా తీసుకున్నాడు. వాటిలో అతి ముఖ్యమైనది పియానో ఒంపు పక్కగోడను వంచే పద్ధతి.

దాన్ని కొంచెం దగ్గర నుంచి చూద్దాం. పెద్ద కచేరీ పియానో పక్కగోడకు మేపుల్ కర్ర పలకలు, ఒక్కొక్కటీ ఇరవై రెండడుగుల పొడవు, పద్దెనిమిది దాకా కావాలి. ఒక్కో పలకకు జిగురు పూసి ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఆ కట్టను అరడజను మంది ఎత్తుకొచ్చి, పియానో ఆకారంలో ఉన్న పెద్ద ఇనుప అచ్చు చుట్టూ తిప్పుతూ మర బిగింపులతో బిగిస్తారు. జిగురు ఆరేలోగా పని పూర్తికావాలి. ఒకడు ముందుగా నెట్టినా, ఒకడు వెనకబడినా పలకలు జారిపోతాయి. బిగింపులు విప్పాక దాన్ని వెచ్చని గదిలో వారాల తరబడి ఊరికే ఉంచేస్తారు. వంగిన కర్ర ఆ వంపుకు అలవాటు పడాలి. తర్వాత అందులో పోత ఇనుము చట్రం కూర్చుంటుంది. తీగలన్నీ కలిపి లాగే బలం సుమారు ఇరవై టన్నులు. ఆ లాగుడునంతా ఆ చట్రమే మోస్తుంది. పన్నెండు వేలకు పైగా భాగాలు కలిసి ఒక గ్రాండ్ పియానో అయ్యేసరికి దాదాపు ఏడాది పడుతుంది.

తయారీ ఒక ఎత్తు, అమ్మకం ఒక ఎత్తు. అమ్మకానికి ఇంకో కొడుకు విలియం పుట్టాడు. 1866లో న్యూయార్కు పద్నాలుగో వీధిలో రెండువేల మందికి పైగా పట్టే స్టైన్‌వే హాలు కట్టించాడు. కచేరీకి వచ్చినవాళ్లు పియానోల షోరూము మీదుగా వెళ్లేలా ఏర్పాటు. 1872లో రష్యా నుంచి ఆంటోన్ రూబిన్‌స్టైన్‌ను పిలిపించి అమెరికా అంతా తిప్పి 215 కచేరీలు చేయించాడు. ఆ మహానుభావుడు కాగితపు నోట్లు నమ్మక పారితోషికం బంగారంలోనే పుచ్చుకున్నాడు. ఊరూరా ఆయన వాయించింది స్టైన్‌వే మీదనే.

ఈ విలియం 1861 ఏప్రిల్‌లో, తన పెళ్లికి కొద్దిరోజుల ముందు, అమెరికా అంతర్యుద్ధం మొదలైన నెలలోనే, డైరీ రాయడం మొదలుపెట్టాడు. 1896లో పోయే వరకు రాశాడు. సుమారు 2,500 పేజీలు. ఈ కుటుంబం మిగిల్చిన వస్తువులన్నిటిలో నాకు ఇదే విలువైనది. అందులో సాహిత్యం ఏమీ లేదు. వచ్చిన డబ్బు, ఇచ్చిన అప్పు, కీళ్లవాతం నొప్పి, ఎవరి కచేరీకి ఎంతమంది వచ్చారు, కార్ఖానాలో సమ్మె, ఊళ్లో అల్లర్లు. 1863లో సైన్యంలో బలవంతపు భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్కు తగలబడినప్పుడు గుంపు కార్ఖానా దాకా వచ్చిన సంగతి ఉంది. భార్య రెజీనాతో చెడిన సంసారం, 1876లో విడాకులు కూడా దాచుకోకుండా రాసుకున్నాడు. మనలో ఎంతమంది వ్యాపారుల మనవలు తాతగారి అలాంటి పుస్తకాన్ని బయటపెడతారు? వీళ్లు దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి కూర్చుని ఎత్తిరాసి అందరికీ అందుబాటులోకి తెచ్చారు.

డైరీ రాసినవాడే అందులో ఎప్పుడూ మంచివాడుగా కనబడడు. పనివాళ్లు ఎనిమిది గంటల పనిదినం కోసం 1872లో సమ్మె కట్టారు. నగరంలో సోషలిస్టుల గాలి తగలకుండా కార్ఖానాను ఈస్ట్ నది అవతల, క్వీన్స్‌లోని ఆస్టోరియాకు తరలించాలని విలియం ఉద్దేశం. 400 ఎకరాలు కొన్నాడు. పోత కొలిమి, కర్ర డిపో, పనివాళ్లకు ఇళ్లు, పిల్లలకు బడి, గ్రంథాలయం, పార్కు అన్నీ కట్టించాడు. ఔదార్యమా అంటే ఔదార్యమే. ఇంటి అద్దె తీసుకునేవాడూ జీతమిచ్చేవాడూ ఒకడే అయితే సమ్మె కట్టడానికి ఎవడికి ధైర్యం వస్తుంది, అదీ లెక్కే. ఆ ఊరు జనం సరదాకి నది ఒడ్డున ఒక విహారస్థలం కూడా పెట్టారు. ఇవాళ లాగార్డియా విమానాశ్రయం ఉన్నది ఆ చోటనే. నది కింద అతను తలపెట్టిన సొరంగంలో 1892లో పేలుడు జరిగి ఐదుగురు పోయారు, పని ఆగింది. అతను పోయాక వేరేవాళ్లు పూర్తి చేశారు. న్యూయార్కులో ఏడో నంబరు మెట్రో ఎక్కే మన తెలుగు పిల్లలు నది దాటేది ఆ సొరంగంలోంచే.

తర్వాతి తరాల కథ త్వరగా చెబుతాను. 1880లో హాంబర్గులో రెండో కార్ఖానా. రెండో ప్రపంచయుద్ధంలో పియానోల బదులు సైనిక గ్లైడర్ల రెక్కలు. సైనికుల వినోదానికి ఆలివ్ రంగు పూసిన చిన్న నిలువు పియానోలు. 1972లో కుటుంబం కంపెనీని సీబీఎస్ సంస్థకు అమ్మేసింది. ఆ తర్వాత చేతులు మారి మారి 2013లో జాన్ పాల్సన్ పెట్టుబడి సంస్థకు చేరింది. కార్ఖానా మాత్రం ఆస్టోరియాలో ఉన్నచోటే ఉంది.

అమ్మకం నాటి అధ్యక్షుడు హెన్రీ జెడ్. స్టైన్‌వే, మూలపురుషుడి మునిమనవడు. కుటుంబం తరఫున ఆ కుర్చీలో కూర్చున్న ఆఖరివాడు. 2008లో తొంభై మూడేళ్ల వయసులో పోయాడు. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని మనకో సామెత ఉంది. ఈయన మూతి చూపించలేదు, నెయ్యి కొన్న పద్దు చూపించాడు. విలియం డైరీని స్మిత్సోనియన్‌కు ఇచ్చింది ఆయనే. కుటుంబం ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, ఫొటోలు క్వీన్స్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ ఆర్కైవ్స్‌కు చేరాయి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు చదువుకునే మామూలు కాలేజీ అది. ఎంపిక నాకు నచ్చింది.

జ్ఞాపక వస్తువులంటే జనం చూసేవి వేరే. 1903లో లక్షో పియానోను బంగారు పూతతో, తొలి పదమూడు రాష్ట్రాల చిహ్నాలతో వైట్ హౌస్‌కు కానుకగా ఇచ్చారు. 1938లో మూడు లక్షలో పియానో, గద్ద ఆకారపు కాళ్లతో, దాని స్థానంలోకి వెళ్లింది. మొదటిది ఇప్పుడు మ్యూజియంలో ఉంది. హాంబర్గులో తయారైన ఒక నిలువు పియానో జాన్ లెనన్ ఇంట్లో ఉండేది. 2000 సంవత్సరంలో జార్జ్ మైకేల్ దాన్ని వేలంలో పద్నాలుగున్నర లక్షల పౌండ్లకు పాడుకున్నాడు. చెక్కా తీగా అంతే ఉన్న పక్క పియానోకు అందులో వందో వంతు ధర కూడా రాదు.

బంగారు పియానో రాజుల కథే చెబుతుంది. పనివాడి కథ కావాలంటే పాత పియానో విప్పాలి. మెట్ల కర్ర పక్కన పెన్సిలుతో రాసిన అంకెలు, తేదీలు, ఒక్కోసారి సంతకాలు రిపేరు చేసేవాళ్లకు కనబడుతూనే ఉంటాయి. పక్కగోడ వంచిన ఆ అరడజను మందిలో ఎవరి పేరూ బిళ్ల మీద ఎక్కలేదు. ఈ కుటుంబం దాచిన దస్త్రాల్లోనూ జీతాల పద్దుల్లో తప్ప వాళ్లు పెద్దగా కనిపించరు. స్టైన్‌వే చరిత్రలో ఉన్న లోటు అది. ఆ లోటు మనకు తెలిసిందీ ఆ పద్దులు ఉండబట్టే.

ఇక మన సంగతి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా పనస మొద్దును తొలిచి ఏకాండి వీణలు చేసే కుటుంబాలున్నాయి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాత ఎన్ని వీణలు చేశాడు, ఏ వీణ ఎవరింటికి వెళ్లింది, ఆనాడు పనస దుంగ ధరెంత అని అడిగితే నోటిమాట తప్ప కాగితం దొరకడం కష్టం. వీణల సంగతే కాదు, నాదస్వరం, మృదంగం, హార్మోనియం చేసే ఇళ్లన్నిటిదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. కాబట్టి ఈ సభలో ఉన్నవాళ్లకు ఒక్క మనవి. మీ అటకల మీద వాద్యం కొన్న రసీదు, చేసినవారి ఉత్తరం, కొలతలు గీసిన కాగితం, రిపేరు లెక్కల పుస్తకం ఏదున్నా పాత కాగితాల బండికి వేయకండి. ఫొటో తీసి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. వాద్యం ఎవరు చేశారో తెలిస్తే ఆ పేరు, ఊరు, ఏడాది దాని వెనక ఒక చీటీ మీద రాసి అంటించండి.