చేతిలో పనికి చేయూత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రామాల్లోని మహిళా సంఘాలకు మన సొసైటీ కార్యకర్తలు ఏ విధంగా సేవ చేయగలరో చెప్పమని మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల తిరిగి, కొన్ని తప్పులు చేసి, కొంత నేర్చుకున్నవాళ్ళం. ఆ తప్పులతోనే మొదలుపెడతాం.

మన మూడు ఊళ్ళలో పని చేయని ఆడమనిషి ఎక్కడున్నది? కోరుట్లలో ఏ గల్లీలోకి పోయినా గడపలో చాట పెట్టుకుని బీడీలు చేస్తున్న తల్లి కనబడుతుంది. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు అయ్యేసరికి పొద్దు గూకుతుంది. సిరిసిల్లలో మగవారు సాంచాల మీద నిలబడితే ఆడవారు కండెలు చుడతారు, బీడీలూ చేస్తారు. జగిత్యాల పల్లెల్లో వరి నాటేది, కలుపు తీసేది, పసుపు ఏరేది వాళ్ళే. ఇందులో హిందువుల ఇల్లు, ముస్లిముల ఇల్లు అనే తేడా లేదు. పనికి కొదవ లేదు. పని చేసిన మనిషి పేరు మాత్రం కాగితం మీద ఉండదు. అసలు చిక్కు అక్కడున్నది.

సోదరులారా, కాగితం చిన్న విషయం కాదు. బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. 1977లో భవిష్యనిధి, అంటే పీఎఫ్, వారికి వర్తించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టి, 2019లో దానిని 2,016 రూపాయలు చేసింది. అయితే అది పీఎఫ్ ఖాతా ఉన్నవారికే అందింది. ఒకే చాట దగ్గర కూర్చుని బీడీలు చేసిన అత్తాకోడళ్ళలో అత్త పేర బుక్కు ఉంటే అత్తకు వచ్చింది. ముప్పై ఏండ్లు వేళ్ళు అరగదీసుకున్న కోడలికి రాలేదు. పేరు ఎక్కించుకొమ్మని ఆ రోజుల్లో ఆమెకు చెప్పినవారు లేరు. మనం చెప్పలేదు.

ఇక మా తప్పు వినండి. ఒక సంవత్సరం మేము చందాలు పోగుచేసి కుట్టుమిషన్లు పంచాం. షామియానా వేశాం, పూలదండలు వేయించుకున్నాం, ఫోటోలు దిగాం. ఏడాది తర్వాత పోయి చూస్తే సగం మిషన్ల మీద బట్టలు ఆరవేసి ఉన్నాయి. ఒక పెద్దమ్మ మా ముఖం మీదనే అన్నది: "బేటా, మిషన్ అయితే ఇచ్చిన్రు, కుట్టతందుకు బట్ట ఎవరిస్తరు? కుట్టింది ఎవరు కొంటరు?" మాకు జవాబు లేదు. ఆర్డరు లేని మిషన్ ఇనుప ముక్కతో సమానమని ఆ రోజు తెలిసింది.

రెండవ తప్పు ఇంతకంటే పెద్దది. ఒక పొదుపు సంఘం లెక్కల పుస్తకం మా కార్యకర్త ఒకరు మూడేండ్లు రాసిపెట్టారు. చక్కని దస్తూరీ, ఒక్క పైసా తేడా లేదు. అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పగలిగిన మనిషి సంఘంలో ఒక్కరు లేరు. కలిసి ఉన్న ఆడవాళ్ళ మధ్య మాటలు పెరిగాయి, సంఘం విరిగింది. మేము సేవ అనుకున్నది వాళ్ళను మా మీద ఆధారపడేటట్లు చేసింది. రాసిపెట్టడం కాదు, రాయడం నేర్పాలి.

మహిళా సంఘాలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నాబార్డు ద్వారా సంఘాలను బ్యాంకులతో జోడించడం మొదలైంది. 2000లో వెలుగు వచ్చింది. అంతకుముందే, 1972లో, అహమదాబాదులో ఇలా భట్ గారు 'సేవ' సంఘం స్థాపించారు. బీడీలు చేసే స్త్రీలు కూడా అందులో చేరి తమ కూలి కోసం తామే మాట్లాడారు. మన జహీరాబాదు దగ్గర పస్తాపూరులో 1983 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. అక్కడి పల్లె స్త్రీలు జొన్న, కొర్ర, పప్పు విత్తనాలు ఇంట్లోనే దాచుకుని ఒకరికొకరు ఇచ్చుకుంటారు. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. బడి ముఖం చూడనివారు ఇంత చేశారంటే, వాళ్ళ పక్కన నిలబడ్డవారు పెత్తనం చేయకుండా నిలబడ్డారన్న మాట.

మంచితో పాటు చెడు కూడా చెప్పుకోవాలి. వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊరూరా తిరిగి అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి మరొకటి తీసుకున్నారు. చివరకు ప్రాణాలు పోయేదాకా వస్తే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పు వాడుకున్నది మగవారు, సంతకం పెట్టింది ఆడవారు అయిన ఇళ్ళు మన బస్తీల్లో కూడా ఉన్నాయి. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

వడ్డీ సంగతి మన ఆడవారు తరచుగా అడుగుతారు. వడ్డీ భయంతో సంఘానికే దూరంగా ఉండేవారు ఎందరో. దానికి ఫత్వా చెప్పడం మా పని కాదు, ఆలిములను అడగండి. కాని అప్పు తీసుకోకుండా కూడా పొదుపు చేయవచ్చు, కలిసి విత్తనాలు కొనవచ్చు, కలిసి అమ్మవచ్చు. చాలా ఊళ్ళలో ధాన్యం కొనుగోలు కేంద్రాలను నడిపేది మహిళా సంఘాలే. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని కూడా సంఘాలకే ఇచ్చారు. సంఘంలో లేనివారికి ఆ పని ఎట్లా వస్తుంది?

కనుక మా మనవి ఇది. డబ్బు తర్వాత ఇవ్వండి, ముందు వారానికి రెండు గంటలు ఇవ్వండి. చదువుకున్న మన ఆడపిల్లలు జుహర్ నమాజు తర్వాత, బీడీల పని కాస్త తెరిపిచ్చిన వేళ, నలుగురు తల్లులకు అంకెలు, సంతకం, పాసుబుక్కు చదవడం నేర్పాలి. యువకులు గుర్తింపు కార్డులు, పీఎఫ్ కాగితాల్లో పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసి దిద్దించాలి. అక్షరం తేడాతో ఆగిన డబ్బు ఎంత ఉన్నదో లెక్క లేదు. వ్యాపారం తెలిసిన పెద్దలు మిషన్లు ఇచ్చే ముందు ఆర్డరు వెతకాలి. పసుపు, ధాన్యం తేమ చూడడం, తూకం చూడడం నేర్పించడానికి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం మనకు దగ్గరలోనే ఉన్నది. ఇవన్నీ చేసి, ఒక రోజు "ఇక మీరు రాకున్నా నడుస్తది" అని వాళ్ళు అంటే, ఆ మాటే మనకు సన్మానం.

ఆ పెద్దమ్మ ఇప్పుడు మాకు అప్పుడప్పుడు కనబడుతుంది. ఆమె సంఘం లెక్కలు ఆమె మనుమరాలు రాస్తున్నది. పోయినసారి మేము పుస్తకం అడిగితే "ఎందుకు? మీకు నమ్మకం లేదా?" అని నవ్వింది. మేము చేతులు కట్టుకుని చాయ్ తాగి వచ్చాం.

సభ ముగిశాక తలుపు దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. చందా రాసే బుక్కు కాదు. వారంలో ఏ రోజు, ఏ వేళ రాగలరో అందులో రాసి వెళ్ళండి. తల్లులు కూడా రాయండి. రాయరానివారు చెప్పండి, మొదటి పాఠం అక్కడే మొదలుపెడదాం.