పూతవేళ పురుగుమందు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి లెక్కలు వ్రాసికొనువానికి సభలో మాటలాడు పని యేమని మీరు తలపవచ్చును. నేను కళాశాల గడప త్రొక్కినవాడను గాను. పగలు చిట్టా ఆవర్జాలు, రాత్రి ఈ గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన భారతము: నా చదువు ఇంతియే. ఉద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, తేటి పూవును చెరుపక తేనె గొన్నట్లు రాజు ప్రజలనుండి ధనము గొనవలెనని బోధించినాడు. లెక్కల వృత్తిలోనివాడను గనుక ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది. అట్టి మాటను పదేపదే చదువుకొన్న నేనే, నా చేతులార తేనెటీగలను చంపితిని. ఆ సంగతి చెప్పుటకే నేడు లేచి నిలిచితిని.

కొన్నియేండ్ల క్రిందట, మామిడి పూత నిండుగా విచ్చియున్న దినములలో, మా తోటకు తేనెమంచు పురుగు పట్టినది. అది పూతరసమును పీల్చి, జిగటగా తీపినీరు విడుచును. ఆ నీటిపై మసి పట్టును, పూత రాలును. మన వినగడప, తిరువూరు ప్రాంతములలో మామిడి గలవారికి దీనిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. మందుల కొట్టుకు పోతిని. ఏ కొట్టో చెప్పను, చెప్పి ప్రయోజనమును లేదు. "ఇది కొట్టండి బాబాయిగారూ, రెండు రోజుల్లో పురుగన్నది కనబడదు. డబ్బుదేముంది, కాయ దిగాక చూసుకుందాం" అని అతడు పుస్తకములో నా పేర పద్దు వ్రాసికొన్నాడు. పూత యే దశలో నున్నదని అతడు అడుగలేదు. ఎప్పుడు కొట్టవలెనని నేనును అడుగలేదు.

మరునాడు ఉదయము ఎనిమిది గంటలకు పిచికారి చేయించితిని. సరిగా తేనెటీగలు పూతపై వ్రాలు వేళ! మధ్యాహ్నమునకు చెట్ల క్రింది ఎండుటాకులపై ఈగలు వెల్లకిల పడి గిరగిర తిరుగుచుండెను. మా గట్టుమీది చింతచెట్టు తొర్రలో, నా చిన్ననాటినుండి నేనెరిగిన తేనెపట్టు ఒకటి యుండెడిది. మా అమ్మ ఆ తొర్రకు ఎవ్వరిని పొగ పెట్టనిచ్చెడిది కాదు. వారము తిరుగకముందే ఆ తొర్ర మూగవోయినది. ఆ యేడు పిందె పలుచగా నిలిచినది. అందులో మంచు పాలెంత, పురుగు పాలెంత, ఈగలు లేని లోపమెంత యని నేను తేల్చి చెప్పలేను. మామిడి పూతపై తేనెటీగలకంటె మామూలు ఈగలే యెక్కువ తిరుగునని తెలిసినవారందురు. ఆ మందు వానిని మాత్రము విడుచునా?

నేను కొన్నది ఇమిడాక్లోప్రిడ్. తరువాత దానిని గూర్చి చదివి ఒక లెక్క వేసితిని. ఆహారముతో లోనికి పోయినచో తేనెటీగలలో సగమును చంపు మోతాదు, ఈగ ఒక్కింటికి సుమారు 4 నానోగ్రాములు. గ్రాములో 100 కోట్ల నానోగ్రాములున్నవి. అనగా ఒక్క గ్రాములో అట్టి మోతాదులు 25 కోట్లు! నా జీవితమున వ్రాసిన యే పద్దును నన్నింతగా భయపెట్టలేదు. పైగా ఇట్టి మందు మొక్క రసములో కలిసి పుప్పొడిలోనికి, మకరందములోనికి గూడ చేరును. చావని ఈగ సైతము త్రోవ తప్పి పట్టునకు తిరిగి రాకపోవచ్చును.

సీసాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గుర్తులుండునుగదా. ఆకుపచ్చయైనచో భయము లేదని మనవారు తలతురు. ఆ రంగులు మనుష్యులకు, పశువులకు గలుగు ప్రమాదమును బట్టి నిర్ణయించినవి. తేనెటీగ మాట వానిలో లేదు. 1968 నాటి పురుగుమందుల చట్టము క్రింద 1971లో వచ్చిన నియమముల ప్రకారము ప్రతి సీసాతోను కరపత్రము ఉండవలెను, అది ప్రాంతీయ భాషలో గూడ ఉండవలెను. ఉన్నది. చీమ తలకాయంత అక్షరములలో ఉన్నది.

కొట్టువానిని దూషించుట నా యుద్దేశము కాదు. అతడును మన ఊళ్ళవాడే. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003 నుండి ఇట్టి వర్తకులకు ఒక యేడాది డిప్లొమా చదువు నడుపుచున్నది. దానిని చదివి రైతునకు మంచి చెప్పువారును కలరు. కాని అప్పు ఇచ్చువాడే వైద్యుడైనచోట రోగి ప్రశ్న వేయడు. ఇది నా పుస్తకములలో నేను చూచుచున్న సత్యము.

అమ్మువారు మారిన దేశములు లేకపోలేదు. ఐరోపా సమాఖ్య ఈ జాతి మందులు మూడింటిని 2013లో కట్టడి చేసి, 2018లో ఆరుబయట వాడుక యావత్తును నిషేధించినది. అమెరికాలో లోస్ అను పెద్ద దుకాణముల సంస్థ, ప్రజలు పట్టుపట్టగా, వీని అమ్మకమును క్రమముగా మానుకొందునని 2015లో ప్రకటించినది. మనమంత దూరము పోనక్కరలేదు. మామిడికి పూమొగ్గ విచ్చకముందు ఒకమారు, పిందె బఠాణీ గింజంత అయిన తరువాత ఒకమారు కొట్టవచ్చును. నడుమ, పూత విచ్చియున్నపుడు వలదు. ఇతర పైరులకు తప్పనిసరియైనచో ఈగలు పట్టునకు చేరిన సాయంకాలమున కొట్టవలెను. ఈ రెండు మాటలు కొట్టువాడు చీటిమీద వ్రాసి యిచ్చినచో అతనికి నష్టము దమ్మిడీ లేదు. వ్రాయనిచో మనమే అడిగి వ్రాయించుకొందము.

ప్రొద్దుతిరుగుడు వేసినవారికి నా మాట సులభముగా తెలియును. ఈగలు చాలనిచోట, ఉదయమున చేతికి గుడ్డ చుట్టుకొని ఒక్కొక్క పువ్వును మెల్లగా రుద్దవలెనని వ్యవసాయాధికారులు చెప్పుదురు. ఎకరము పొలములో పూలు లెక్కపెట్టి, కూలి కట్టి చూడుడు. ఆ పనిని కూలి లేక చేయువారిని మనమేమి చేయుచున్నాము?

నేను కొన్న సీసాతో వచ్చిన కరపత్రమును గ్రంథాలయ కార్యదర్శిగారి అనుమతితో లోపలి గోడకు అంటించితిని. పత్రికల బల్ల సొరుగులో భూతద్దమున్నది. చదువుకొన్నవారు దానిని మరల సొరుగులోనే పెట్టవలెనని కోరుచున్నాను.