సున్నపురాతి లోయలు – ఆదిమానవుని గుహలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మోత్కూరు ప్రాంతము గ్రానైటు గుండ్ల సీమ. చెలక నడుమ గుండు, చెరువు కట్ట ప్రక్క గుండు. భువనగిరి దుర్గము నిలిచినదే ఒక మహాశిలపై. కాని తిరుమలగిరి దాటి ఫణిగిరి గుట్ట ఎక్కినవారికి వేరొక రాయి కనబడును. అచ్చటి బౌద్ధ శిల్పములు లేత వన్నెగల సున్నపురాతివి. గుట్ట ఒక జాతి రాయి, శిల్పము మరియొక జాతి రాయి. అట్టి సున్నపురాతి పొరలు దక్షిణమున కృష్ణా తీరమునందును, దానికావల కర్నూలు సీమయందును పరచుకొని ఉన్నవి. నేడు అనేక గృహములలో నేలకు పరచిన షాబాదు బండలు, బేతంచెర్ల నాపరాళ్లు ఈ కోవకు చెందినవే. దినదినము కాలి క్రిందనున్న ఆ బండ పుట్టిన సీమకు నడచి పోయినచో ఏమి కనబడునో తెలుపుటయే ఈ ప్రసంగ విషయము.

కర్నూలు దాటి దక్షిణమునకు పోయినవారికి ఎర్రమల కొండలు ఎదురగును. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేటి లోయ. ఎర్రమల శిఖరములు వాడిగా ఉండవు. బల్లవలె చదునుగా ఉండును. వాని అంచులలో రాతి పొరలు బీరువాలో అడ్డముగా పేర్చిన పుస్తకములవలె ఒకదానిపై నొకటి అమరి ఉండును. కోట్లకొలది సంవత్సరముల క్రిందట ఇది సముద్రపు అడుగు. ఆ నీటి అడుగున చేరిన సున్నపు బురదయే గట్టిపడి ఈ రాయి అయినది.

గ్రానైటును వాన అంత సులభముగా కరిగింపజాలదు. సున్నపురాతి సంగతి వేరు. వాననీరు గాలినుండియు నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు రాతి సందులలో దిగి, వేలకొలది ఏండ్లు మెల్లగా రాతిని కరిగించి, సందును సొరంగముగను, సొరంగమును గుహగను చేయును. కరిగిన సున్నము చుక్క చుక్కగా మరల పేరుకొని, పైకప్పునుండి మర్రి ఊడలవలె వ్రేలాడును. ఆ సీమవారు గుహను గవి యందురు.

కొలిమిగుండ్ల సమీపమునగల బెలుం గుహ ఈ విధముగా ఏర్పడినదే. పైన చూచిన చదును పొలము. నడుమ బావులవంటి గుంటలు. అందొకదానినుండి దిగినచో లోపల 3,229 మీటర్ల గుహామార్గము కలదు. 1980వ దశకమున హెర్బర్ట్ డేనియల్ గెబవర్ నాయకత్వమున జర్మను బృందమొకటి దానిని కొలిచినది. 46 మీటర్ల లోతున పాతాళగంగ అను జలధార ఉన్నది. ఇంతటి వింత చోటు ఒకనాడు చుట్టుప్రక్కల చెత్తకు దిబ్బగా ఉండినది. శుభ్రపరచి దీపములు పెట్టి 2002లో ప్రజలకు తెరచినారు. విలువ తెలియనంతవరకు అది చెత్తకుండి. తెలిసిన పిమ్మట యాత్రాస్థలము.

అయితే గుహ విలువ దాని అందములో మాత్రమే లేదు. బేతంచెర్ల సమీపమున బిలస్వర్గము అను గుహలు కలవు. వీనిలోని ఎముకలను గూర్చి కెప్టెన్ న్యూబోల్డు 1844లోనే వ్రాసినాడు. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ప్రోత్సాహముతో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో అచ్చట త్రవ్వకములు సాగించినాడు. పిదప ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ ఆ పనిని కొనసాగించినాడు. మట్టి పొరలలో దక్షిణ దేశమున నేడు కానరాని ఖడ్గమృగము మొదలగు జంతువుల ఎముకలు లభించినవి. వానితోపాటు మనుష్యుడు చెక్కి వాడిచేసిన ఎముక పనిముట్లు కూడ లభించినవని ఫూట్ ప్రకటించినాడు.

పిదప జరిగిన కథ మనస్సునకు నాటవలసినది. ఆ ఎముక పనిముట్లు కాలక్రమమున జాడ తెలియకుండ పోయినవి. వస్తువు లేనిచో మాటను నమ్ముటెట్లు? పండితులలో సందేహము మిగిలిపోయినది. సుమారు తొంబది ఏండ్ల అనంతరము ఎం.ఎల్.కె. మూర్తిగారు అదే సీమలో ముచ్చట్ల చింతమాను గవి యందు త్రవ్వినప్పుడు పాతరాతియుగపు రాతి పనిముట్లతోపాటు ఎముక పనిముట్లు మరల బయటపడినవి. 1974లో ఆ వివరములు అచ్చైనవి. ఆ గవిలో నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలు కూడ దొరకినది. దాని కాలము సుమారు 17,000 సంవత్సరములని లెక్క తేలినది.

ఫూట్ మాట ఇట్లు నిలుచుటకు రెండు కారణములు. ఆయన వ్రాత అచ్చులో ఉండి గ్రంథాలయములలో భద్రముగా నిలిచినది, ఇది మొదటిది. వేరొక గవిలో ఎవరును కలపని మట్టి మిగిలి ఉన్నది, ఇది రెండవది. ఈ రెంటిలో ఏ ఒక్కటి నశించినను ఆ సత్యము మరుగుపడి ఉండెడిది.

బనగానపల్లె ప్రాంతమున జుర్రేటి లోయలోని జ్వాలాపురము ఇంతకన్న ప్రాచీనమైన కథను చెప్పును. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా అగ్నిపర్వతము ప్రేలినప్పుడు ఎగసిన బూడిద గాలిలో సముద్రము దాటి వచ్చి ఇచ్చట పడినది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలగువారు 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము ఆ బూడిద పొరకు క్రిందను, పైనను రాతి పనిముట్లు ఉన్నవి. అంతటి ఉత్పాతము తరువాత కూడ ఆ లోయలో మనుష్యులు నిలిచిరని వారి అభిప్రాయము. దీనిపై పండితుల వాదములు ఇంకను సాగుచున్నవి. ఆ వాదమును తీర్చవలసిన సాక్షి ఆ మట్టి పొరయే.

ఈ సీమను చూడగోరువారు నడకనో సైకిలునో ఆశ్రయించుట మేలు. మోటారులో పోవువానికి కొండ కనబడును గాని పొర కనబడదు. ద్రోణాచలము – నంద్యాల రైలు మార్గమున బేతంచెర్ల స్టేషను ఉన్నది. సైకిలు గలవారు బేతంచెర్ల, బనగానపల్లె, యాగంటి, కొలిమిగుండ్ల ఊళ్లను కలుపుకొనుచు కొలది దినములలో తిరిగిరావచ్చును. యాగంటి కోనలో గుహలు, కోనేరు, ఉమామహేశ్వరుని ఆలయము ఒకే చోట దర్శనమిచ్చును. ఎండ ముదరకమునుపే నడక సాగించవలెను. వానకాలమున గుహలలో నీరు చొచ్చును గనుక శీతకాలము తగినది. జనసంచారము లేని గుహలోనికి ఒంటరిగా పోరాదు. ఊరివారిని వెంట తీసికొని, ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకటికి రెండు దీపములతో పోవలెను. గబ్బిలములను కదపరాదు, వాని పెంట ధూళి ఊపిరితిత్తులకు చేటు. తేనెపట్టు ఉన్నచోట పొగ త్రాగుట, కేకలు వేయుట ప్రాణాపాయము.

వీనిని మించిన నియమము మరియొకటి కలదు. నేలను గీకరాదు, ఎముకగాని, రాతి పెచ్చుగాని జేబులో వేసికొనరాదు. పొరలో ఉన్నంతవరకే పెచ్చునకు కాలము తెలియును; ఇంటికి తెచ్చి అలమరలో పెట్టినచో అది వట్టి రాయి. కంటబడిన వింతను అక్కడే ఉంచి, స్థలము వ్రాసికొని, పురావస్తు శాఖవారికి తెలుపుట విజ్ఞుల లక్షణము.

సున్నపురాయి పదిమందికి కూడు పెట్టు రాయి కూడ. నాపరాతి గనులలోను, సిమెంటు కర్మాగారములలోను పనిచేయు కుటుంబములు వేలకు వేలు. గని వలదనుట న్యాయము కాదు. కాని ఏ కొండలో ఏ గవి ఉన్నదో ముందుగా లెక్కించి, దానిని విడిచి త్రవ్వుట సాధ్యము. కొండ తరిగినచో బండలు మిగులును. గవి తరిగినచో ఏదియు మిగులదు. అచ్చైన గ్రంథమునకు వేరొకచోట మరియొక ప్రతి ఉండవచ్చును. గుహ నేలకు రెండవ ప్రతి లేదు.

ఇరువదియైదు ఏండ్లుగా ఈ గ్రంథాలయ పాఠకులు పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి, చదివి, పుట చింపక తిరిగి తెచ్చి ఇచ్చు అలవాటును నేర్చినారు. ఆ అలవాటుతోనే గవిలో అడుగిడువాడు మంచి యాత్రికుడు. చూచి రావలెను, చూచినది వ్రాసి ఈ గ్రంథాలయమున చేర్చవలెను, గవిని మాత్రము తరువాత వచ్చువానికై ఉన్నదున్నట్లు విడువవలెను.

స్వస్తి.