బందరు రాడార్, బస్తాల లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఏం పని చేస్తావని అడిగినవారికి ఫ్రీక్వెన్సీ డివైడర్లలో ఫేజ్ నాయిస్‌ను సిమ్యులేట్ చేస్తానని చెబితే, మర్యాదకు తలూపి మాట మారుస్తారు. ఈ రోజు భోజనాలయ్యేదాకా మీరు కదలలేరు కనుక చెప్పేస్తాను.

బందరులో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడార్ ఉంది కదా. అది వాడేది సుమారు 10 సెంటీమీటర్ల తరంగం. అంటే సెకనుకు దాదాపు 300 కోట్ల కంపనాలు. వానచినుకులు సెకనుకు ఒక మీటరు వేగంతో రాడార్ వైపు వస్తే, తిరిగొచ్చే తరంగంలో తేడా 20 కంపనాలే. 300 కోట్లలో 20! పంపిన తరంగమే తడబడితే, కదిలింది గాలో మన గడియారమో తేలదు. ఆ తడబాటే ఫేజ్ నాయిస్. 1977 నవంబరు 19ని చూసిన దివిసీమవారికి గాలి సంగతి ముందే తెలియడం విలువేమిటో నేను చెప్పనక్కర్లేదు.

ఇలాంటి తరంగాన్ని నిలకడగా ఉంచే పద్ధతుల్లో ఫేజ్ లాక్డ్ లూప్ ఒకటి. 300 కోట్లను 30తో భాగించి, 10 కోట్ల కంపనాల స్థిరమైన రిఫరెన్సుతో పోల్చి సరిదిద్దుతుంది. ఆ భాగహారం చేసేది డివైడర్. గుడివాడ మిల్లులో బస్తాలు దించుతుంటే గుమాస్తా ప్రతి ముప్పయ్యో బస్తాకు ఒక గీత గీస్తాడనుకోండి. బస్తా ఆలస్యమై గీత ఆలస్యమైతే అది హమాలీది. బస్తా పడ్డాక కూడా గుమాస్తా చెయ్యి ఆలస్యమైతే, అది డివైడర్ సొంత నాయిస్. మధ్యలో లెక్క తప్పకపోతే చాలు, చెవి గోక్కున్నా ఫర్వాలేదు.

సిమ్యులేషన్‌లో చిక్కంతా ఇక్కడే. మామూలు నాయిస్ ఎనాలిసిస్, సర్క్యూట్ ఒకచోట కదలకుండా ఉందనుకుని లెక్కవేస్తుంది. డివైడర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పీరియాడిక్ స్టెడీ స్టేట్ కనుక్కుని, దానిమీద నాయిస్ చూడాలి. పీరియడ్ ఇన్‌పుట్‌ది కాదు, అవుట్‌పుట్‌ది. అంటే 30 ఇన్‌పుట్ చుట్లు కలిపి ఒకటి. అందులోనూ గీత గీసే క్షణంలోని నాయిస్‌నే తీసుకుని, అక్కడ వోల్టేజి ఎంత నిటారుగా ఎక్కుతోందో దానితో భాగిస్తే కాలంలో తప్పు వస్తుంది. ఆ క్షణాలనే ఏరుకోవడంవల్ల పై ఫ్రీక్వెన్సీల నాయిస్ కూడా మడతపడి కిందికి చేరుతుంది. కంప్యూటర్ త్వరగా తేల్చాలని సైడ్‌బ్యాండ్లు తగ్గించి పెడితే గ్రాఫు అందంగా వస్తుంది, అబద్ధం చెబుతుంది.

ఈ కాస్త తప్పుకే ఇంత గొడవెందుకంటే, లూప్ బ్యాండ్‌విడ్త్ లోపల డివైడర్ ఫేజ్ నాయిస్ 30 రెట్లై బయటికి వస్తుంది, దాదాపు 29.5 డెసిబెల్స్.

మందు ఉంది. వరసగా కట్టిన ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఒకదాని తప్పు ఇంకోదానికి అందిస్తూ పోతాయి. చివర ఒక ఫ్లిప్‌ఫ్లాప్‌ను నేరుగా ఇన్‌పుట్ క్లాక్‌తో నడిపిస్తే, అప్పటిదాకా పోగైనది పోయి దాని సొంత తప్పు ఒక్కటే మిగులుతుంది. కరెంటు మాత్రం కొంచెం ఎక్కువ తింటుంది. రెండు సర్క్యూట్లూ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. చూడాలనుకున్న పిల్లలు సాయంత్రం ఫిజిక్స్ ల్యాబ్‌కి రండి, మాస్టారి దగ్గర తాళం తీసుకున్నాను.