మరల మరల ఎగురు రాకెట్టు – బేరమెక్కడ?

(రామతీర్థమున చదువరుల సభలో చేసిన ఉపన్యాసపాఠము)



శివరాత్రి జాతరనాడు నెల్లిమర్లనుండి ఇచ్చటికి వచ్చు బస్సులలో కాలూనుటకైన చోటుండదు. ఆ యొక్కనాటి జనమును జూచి యెవడైన అప్పుచేసి పది బస్సులు కొనినయెడల వాని గతి యేమగును? నేడు మేము ప్రస్తావింపబూనిన రాకెట్టు వ్యవహారమునకు ఈ ప్రశ్నయే మూలము.

నేటి రాకెట్టులు అంచెలుగా నుండును. ఇంధనము కాలినకొలది ఒక్కొక్క అంచెను విడిచి పైకి పోవును. ఏ భాగమును విడువక ఒకే యంచెతో కక్ష్యకెక్కి, చెక్కుచెదరక దిగివచ్చి, మరల ఎగురవలెనని పలువురు తలంచిరి. భూమినుండి అట్లెగిరిన వాహన మొక్కటియు నింతవరకు లేదు. బయలుదేరునప్పటి బరువులో నూటికి సుమారు 90 పాళ్లు ఇంధనమునకును, దానిని మండించు ఆక్సిజనునకును పోవును. తక్కిన పదింటిలో యంత్రములు, తొట్లు, వేడికి కాపు, తుదకు సరకు!

భారత్ డైనమిక్స్ సంస్థకు పూర్వాధిపతియగు ఎయిర్ కమడోర్ రాఘవన్ గోపాలస్వామిగారు హైదరాబాదునుండి ఇట్టి వాహనమునే ‘అవతార్’ అను పేర ఊహించిరి. ఆక్సిజనును దారిలో గాలినుండియే గ్రహించుట అందలి యుక్తి. 2001లో అమెరికాయందలి సాల్ట్‌లేక్ నగరమున దానిని వివరించిరి. అది ఎగురలేదు. బుద్ధిబలము కొరవడెనని మేమనము. ఆ యేటనే ‘నాసా’ 90 కోట్ల డాలర్లకు మించి వ్యయించిన ఎక్స్-33ను అర్ధాంతరముగా విడిచెను. దాని హైడ్రోజను తొట్టి 1999 పరీక్షలో చెడెను; ఆ సంవత్సరమే ఉపగ్రహ టెలిఫోనుల ఇరిడియం కంపెనీ దివాలా తీసెను. ఉపగ్రహములు గుంపులుగా పైకిపోవునని లెక్కలు కట్టినవారికి జాతరయే తప్పిపోయినది.

మరి స్పేస్‌ఎక్స్ ఎట్లు నిలిచెను? 2008లోనే నాసా 12 సరకుయాత్రలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందము వ్రాసియిచ్చెను. మొదటి యంచెను నేలకు దింపుట 2015 డిసెంబరునాటి మాట. పిమ్మట తన స్టార్‌లింకు ఉపగ్రహములనే వేలకొలది తాను మోసికొనెను. వృత్తిచే న్యాయవాదులము గావున ఒప్పందము ముందు, యంత్రము వెనుక అను నీ క్రమము మాకు ముచ్చటగా తోచుట వింతగాదు.

మన యింటి సంగతి చూతము. ఇస్రో రెక్కల వాహనము 2016 మే 23న ఎగిరెను. 2023, 2024 సంవత్సరములలో చిత్రదుర్గమున మూడుమారులు దిగుట నభ్యసించెను. హైదరాబాదు స్కైరూట్‌వారు 2022లో 5 కోట్ల 10 లక్షల డాలర్లు కూర్చుకొని, ఆ నవంబరు 18న శ్రీహరికోటనుండి విక్రమ్-ఎస్‌ను ఎగురవేసిరి. అది కక్ష్యకు పోవునదియు గాదు, తిరిగివచ్చునదియు గాదు, అయినను శుభారంభమే. 2024 అక్టోబరులో కేంద్రమంత్రివర్గము అంతరిక్ష సంస్థలకు 1,000 కోట్ల రూపాయల పెట్టుబడినిధి నంగీకరించెను.

పెట్టుబడి లభించును, పిలిచి పనియిచ్చువారేరి? ఏటికి రెండుమారులెగురు వాహనము తిరిగివచ్చినను లాభమేమి? దాని మరమ్మతు, పనివారి జీతము ఆ రెండు యాత్రలమీదనే పడును. కావున నిధితోపాటు ప్రభుత్వము తన ఉపగ్రహములకు ఇన్ని యాత్రలు, ఇన్నియేండ్లు, కిలోకింత అని ముందుగా వ్రాసియియ్యవలెను; సరకు కక్ష్య చేరినపిదప పైకము చెల్లింపవలెను. అంచెలెన్నియని కొనువా డడుగ నక్కరలేదు. ఇందువలన ఒకే యంచె వాహనము వెనుకబడునని కొంద రందురు. వెనుకబడనిండు. దాని పరిశోధనను ఇస్రో ఖజానా ధనముతో సాగించునుగాక. అప్పుతెచ్చిన మన కుర్రవాండ్ర నెత్తిన ఆ భారము పెట్టరాదు.

మన జిల్లాలో ఇంజనీరింగు చదివి హైదరాబాదు దారిపట్టు బిడ్డలున్న తండ్రులు ఈ సభలో పలువురు గలరు. ఈ యర్థముతో పార్లమెంటు సభ్యునికి పంపదగిన విన్నపమొకటి వ్రాసితెచ్చితిమి. కార్యదర్శిగారు చదివి వినిపింతురు. సమ్మతించువారు చేవ్రాలు చేయుదురుగాక.