పొలం ఒకటే, శాస్త్రాలు అనేకం



వరిచేలో దోమపోటు తగిలితే పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. చూడటానికి అది పురుగు పని. కాని నత్రజని మోతాదు మించితే దోమ ఉధృతి పెరుగుతుంది. అది నేల, ఎరువుల సంగతి. దోమను తట్టుకునే రకం వేశామా అన్నది విత్తనం సంగతి. కాలిబాటలు తీశామా, అదనుచూచి నీరు తీసి చేను ఆరగట్టామా అన్నది సేద్యం సంగతి. మీ చేలో ఈ నాలుగూ ఒక్కచోటనే వున్నాయి. వీటిని పరిశోధించే శాస్త్రజ్ఞులు మాత్రం వేర్వేరు సంఘాలలో వుంటారు. మరి వారు ఒకరి మాట ఒకరు వినేది ఎక్కడ?

అమెరికాలో జరిగిన ఏర్పాటు చూడండి. 1907లో అక్కడ సేద్యశాస్త్ర సంఘం, అంటే అగ్రానమీ వారి సంఘం, ఏర్పడింది. 1936లో అందులోని నేలల విభాగం, నేలల సర్వే వారి సంఘంతో కలిసి మృత్తికాశాస్త్ర సంఘమైంది. 1955లో పైరుల విభాగం వారు కూడా తమ సంఘం పెట్టుకున్నారు. ఎవరి అధ్యక్షుడు వారికి, ఎవరి పత్రిక వారికి. అన్నదమ్ములు వేరుపడ్డా కళ్ళం మాత్రం ఉమ్మడిగా వుంచుకున్నట్లు, మూడు సంఘాల కార్యాలయం మాడిసన్ పట్టణంలో ఒకచోటే వున్నది. వార్షిక మహాసభ కూడా చాలా యేళ్ళుగా కలిసే జరుపుకుంటున్నారు.

ఇటువంటి సభ ఒక్క ఉత్తరంతో కుదిరేది కాదు. ఖర్చు ఎవరు భరించాలి, వచ్చిన రుసుములో ఎవరి వాటా ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. అందరికీ చాలిన హాళ్ళున్న పట్టణం చూచుకోవాలి. ప్రతి సంఘమూ తన మనుషులను కార్యక్రమం కూర్చే పనికి పంపాలి. ప్రసంగించేవారు తమ పరిశోధన సారాన్ని కొద్ది వాక్యాలలో వ్రాసి పంపితే, ఏది ఏ పూట, ఏ హాలులో అని అమరుస్తారు. అసలు చిక్కు ఇక్కడే. ఎరువుల ప్రసంగమూ, పురుగుల ప్రసంగమూ ఒకే గంటకు రెండు హాళ్ళలో పెడితే, ఒకే కప్పుక్రింద వున్నా ఎవరి గోష్ఠి వారిదే అవుతుంది. ఉమ్మడి గోష్ఠి పెట్టి, అన్ని సంఘాలవారినీ కూర్చోబెట్టినప్పుడే ఆ కలయికకు ఫలం.

2008లో హూస్టన్‌లో ఈ మూడు సంఘాలు భూగర్భశాస్త్రజ్ఞులతో కలిసి సభ జరిపాయి. 2015లో మినియాపొలిస్‌లో కీటకశాస్త్ర సంఘం వారు వచ్చి కలిశారు. అలాగని ఎప్పుడూ కలిసే వుండాలన్న నియమం లేదు. 2019 జనవరిలో మృత్తికాశాస్త్ర సంఘం శాన్‌డియాగోలో విడిగా సభ జరుపుకున్నది. తమ విషయం లోతుగా చర్చించుకోవటానికి అదీ మంచిదే. ఆ యేడు నవంబరులోనే శాన్ ఆంటోనియోలో మళ్ళీ మూడూ కలిశాయి.

కార్యకర్తలారా, మన గ్రామసభకూ ఇదే పద్ధతి. మట్టి పరీక్షవారు ఒకనాడు, విత్తనాలవారు మరొకనాడు, సస్యరక్షణవారు ఇంకొకనాడు వచ్చి పోతే, మూడు సలహాలను ముడివేసే భారం రైతు నెత్తినే పడుతుంది. ఒకడు ఎరువు వెయ్యమంటాడు, ఒకడు ఆపమంటాడు! ముందుగా రైతుల ప్రశ్నలు పోగుచేయండి. ముగ్గురినీ ఒకేనాడు పిలవండి. సభ పందిట్లోనే ముగించక, చేలోకి తీసుకుపోండి. రైతు సోదరులారా, మీరూ మొగమాటపడకండి. ముగ్గురూ ఎదుట వుండగానే, “మీ ముగ్గురి మాటా కలిపి, నా చేనుకు ఏం చెయ్యమంటారు?” అని అడగండి.